బోడి కాసులో సింగమ్మ

జ్యేష్ఠమాసపు సూర్యుడు నడినెత్తిన నిలిచిన వేళ తామ్రగిరి కోటను చూడాలి! చూడాలంటే కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. ఏడు బురుజుల మీదా రాగిరేకులు తాపిన శిఖరాలు అప్పుడే కొలిమిలోంచి లాగిన నాగటి కర్రుల్లా భగభగ మండుతున్నాయి. వాకిళ్ళకు కట్టిన తోరణాల్లో పచ్చి ఆకు ఒక్కటీ లేదు, అన్నీ రాగిని సాగగొట్టి చేసిన మామిడాకులే. వేడిగాలి తగిలినప్పుడల్లా అవి గలగలమంటాయి. ఆ చప్పుడు పెళ్ళివాకిలి చప్పుడులా ఉండదు, ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టుంటుంది. కోటగోడ పొడవునా రాబందులు రెక్కలు ముడిచి కొలువుతీరిన సామంతుల్లా కూర్చున్నాయి. గోడ కింద నిట్టనిలువు కొండ. కొండ కింద, నలభై మూరల లోతున, తేనెరంగు నీళ్ళతో సుళ్ళు తిరుగుతున్న పింగళానది.

ఆ కోట నడిబొడ్డున నల్లరాతి ముంగిలి. ముంగిట్లో రాశిపోసిన రాగి కాసులు. రాశి ముందు గోచీ ఒక్కటి కట్టుకొని, ఒళ్ళంతా చెమటలు కారుతూ గొంతుకూర్చున్నవాడు పోలిశెట్టి. ఊరు కుసుంభనగరం, వృత్తి షరాబు. నాణెం చేతికిస్తే చాలు, దాని పుట్టుకా నడతా విలువా చెప్పగలవాడు. కానీ ఇక్కడ అతని పేరు పోలిశెట్టి కాదు. మీసం గీసేసి, నుదుటి మీద పచ్చబొట్టు దిద్దుకొని, ‘ఉత్తరదేశపు మాణిభద్రుణ్ణి’ అని చెప్పుకొని లోపలికి వచ్చాడు. ఎందుకంటే ఆ రాశిలో ఎక్కడో అతని భార్య సింగమ్మ ఉంది.

అవును, కాసుల రాశిలోనే.

తామ్రగిరిని ఏలేవాడు గృధ్రపాదుడనే మాంత్రికుడు. మోకాళ్ళ దాకా మనిషి, అక్కణ్ణుంచి కిందికి రాబందు. ఎదుట పడితే జనం ‘దేవరా’ అంటారు, చాటున ‘గద్దకాళ్ళోడు’ అంటారు. వాడికి గిట్టని మనిషిని కాసుగా మార్చేస్తాడు. వరహాగానో మాడగానో మార్చినా కాస్త మర్యాదగా ఉండేది. వాడు మార్చేది నెమలి కాసుగా. కుసుంభ రాజ్యంలో అంతకన్నా చవక నాణెం లేదు. కోమటి గల్లాలో, గొల్లవాడి మొలలో, ముష్టివాడి చిప్పలో ఎక్కడ చూసినా అదే. ఇంక వెతికేవాడు ఎక్కడని వెతుకుతాడు? ఆ కాసు చేతులు మారినప్పుడల్లా లోపలున్న మనిషి ఆయుష్షులో ఒక ఘడియ గృధ్రపాదుడికి చేరుతుంది. ముద్ర అరిగి బోడిదైపోతే దాన్ని ఎవడూ పుచ్చుకోడు. చేయి మారని కాసుతో వాడికేం పని? అందుకని ఏటా ఈ రోజున ఊళ్ళలోని కాసులన్నీ కోటకు రప్పించి, షరాబును పిలిపించి ఏరిస్తాడు. నిండు ముద్ర ఉన్నవి ఒక బుట్టలోకి, నలిగినవి ఒక బుట్టలోకి, బోడివి మూడో బుట్టలోకి. మూడో బుట్ట పొద్దువాలగానే మూసలో కరిగిపోతుంది, మనుషులతో సహా. లోకం తీరు ఎప్పుడూ ఇంతే. చెల్లినన్నాళ్ళు కొంగున ముడేసుకుంటారు, చెల్లకపోతే నిప్పులో వేస్తారు.

సింగమ్మ చేసిన నేరమల్లా నోరు ఊరుకోకపోవడం. పదకొండేళ్ళ కిందట గద్దకాళ్ళోడి బంటు వాళ్ళ అంగడికి వచ్చి అంచులు కత్తిరించిన కాసు ఇచ్చి చిల్లర అడిగాడు. “ఇది చెల్లదయ్యా. మీ దొర మొహంలాగే ఉంది, తీసుకుపో” అని ఆవిడ విసిరికొట్టింది. మర్నాడు గృధ్రపాదుడే వచ్చాడు. ఆ క్షణాన పోలిశెట్టి పక్కనే ఉన్నాడు. తలవంచుకొని తక్కెడ తుడుస్తూ ఉన్నాడు.

సరే. ముంగిట్లోకి వద్దాం.

గృధ్రపాదుడు రాగి గద్దె మీద కూర్చొని, కాలిగోళ్ళతో ఒక కాసును తీసి విసిరాడు.

“ఏమయ్యా ఉత్తరాది షరాబూ! మా దేశపు కాసు సంగతి నీకేం తెలుస్తుంది? దీన్ని చూసి చెప్పు. తప్పు చెప్పావో, నువ్వూ ఆ రాశిలోకే.”

పోలిశెట్టి కాసును గాల్లోనే అందుకున్నాడు. అరచేతిలో ఆడించి బరువు చూశాడు. బొటనవేలి గోటితో ఎగరేసి మోత విన్నాడు. ఎండకు ఏటవాలుగా పట్టుకొని అంచు చుట్టూ వేలు తిప్పాడు. చివరికి వాసన చూశాడు.

“దేవరా, ఇది ముప్ఫై ఏళ్ళ నాటి అచ్చు. నెమలి తల చదునైంది, పింఛం నిలిచింది. అంచు ఒక పక్కే అరిగిందంటే చాన్నాళ్ళు ఎవడి మొలతాడు ముళ్ళోనో ఉందన్నమాట. జిడ్డు చూస్తే ఆ మొల గానుగవాడిది. మోత శుద్ధంగా ఉంది, కల్తీ లేదు. నలుగు ముద్ర.”

“వెల?”

“రెండు తమలపాకులు. వక్క రాదు దేవరా.”

గృధ్రపాదుడు విరగబడి నవ్వాడు. గోడ మీది రాబందులు కూడా రెక్కలు టపటపలాడించాయి. “గట్టివాడివే! కానియ్. ఒక్కొక్క కాసూ తీసి, దాని గతేమిటో పైకి అరిచి చెప్పు. నోరు ఊరుకుందో, దొంగిలిస్తున్నావని లెక్క.”

దొంగిలించడానికి గోచీలో చోటేదీ? దాచుకోగలిగింది నాలుక కింద ఒక్కటే ఒక్క కాసు. రెండు పెట్టుకుంటే మాట పెగలదు. అందుకని పోలిశెట్టి ఎంచుకునే కాసు సింగమ్మదే అయితీరాలి.

వెతికే గుర్తులు రెండు. ఒకటి, నది మీద గుండ్రటి పుట్టి పడవ నడిపే ముసలి బయ్యమ్మ చెప్పింది: వట్టి కాసు మోత మోగి ఆగిపోతుంది, మనిషి కాసు మోత ఆగేముందు ఒక ఊపిరి తీస్తుంది. రెండోది, అతనికే తెలిసింది: సింగమ్మ ఎడమ కణత మీద వడ్లగింజంత గాటు. తక్కెడ తాడు తెగి చిప్ప తగిలిన గాయం. అది కాసు మీద కూడా, నెమలి కంటి పక్కన ఉంటుంది. కాసును దొరికింది దొరికినట్టు తెచ్చి, నదిలో వేసి మూడుసార్లు పేరు పెట్టి పిలిస్తే మనిషి పైకి లేస్తుందని కూడా బయ్యమ్మే చెప్పింది.

ఏరడం మొదలైంది. “నిండు! నలుగు! నలుగు! బోడి!”

బోడి అన్న కాసునల్లా అతను విసరకుండా, నెమ్మదిగా బుట్టలో దించుతున్నాడు. ఎందుకంటే బోడి కాసుల్లో సగానికి సగం ఊపిరి తీస్తున్నాయి. ఒకటి ముసలిదగ్గులా తీసింది. ఒకటి వెక్కిళ్ళు పెట్టింది. ‘బోడి’ అని తన నోటితోనే వాళ్ళను కాటికి పంపుతున్నాడు! రెండు మూడింటిని ‘నలుగు’ అని అబద్ధమాడి చూశాడు. కొలిమి పక్కన తిత్తులు ఊదుతున్న కాటడు ఊరుకోలేదు.

“ఏందయ్యా, బోడిగుండులాగుంటే నలుగంటావు? నీ కండ్లు ఉత్తరదేశంలో పెట్టొచ్చినావా?” అని ఏరి మూడో బుట్టలో పారేశాడు.

“చెమట కళ్ళలో పడిందన్నా.”

“పడితే తుడుచుకో. నా మూస ఆకలిమీదుంది.”

పొద్దు కాస్త వాలింది. రాశి మోకాటి ఎత్తుకు దిగింది. అప్పుడు వచ్చింది చేతికి ఒక కాసు.

పచ్చగా, దళసరిగా, చిలుము పట్టిపోయి ఉంది. పాచిపట్టిన బావిరాయిలా ఉంది. పోలిశెట్టి వేళ్ళు దాన్ని చదివేశాయి. ముందు బాగా అరిగింది, సంతల్లో, రేవుల్లో, వేల చేతుల్లో. ఆ తరువాత ఎక్కడో చెమ్మలో, ఏ గోడసందులోనో ఏళ్ళ తరబడి పడి ఉంది. ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉంది. గోటితో ఎగరేశాడు. మోత చిలుముకు అణగి బొంగురుగా మోగింది. ఆగబోతూ, సన్నగా, ముక్కుతో విసుక్కున్నట్టు ఒక్క ఊపిరి తీసింది.

పోలిశెట్టి నెమలి కంటి పక్కన వేలు పెట్టి చూశాడు. ఏదో తగిలింది. గాటా? చిలుము గడ్డకట్టి పగిలిన నెర్రా? పై పొర కింద ఉన్నది వేలికి అందడం లేదు. ఇది కాకపోతే? దీన్ని నోట్లో వేసుకున్నాక అసలు సింగమ్మ మిగిలిన గుట్టలోంచి పైకొస్తే?

షరాబు ముందు ఎప్పుడూ ఒక ముంత ఉంటుంది. చింతపండు పిసికిన నీళ్ళు, అందులో గుప్పెడు ఉప్పు. మురికి కాసును తోమకుండా వెల కట్టినవాడు షరాబే కాదని పోలిశెట్టికి తండ్రి నేర్పాడు, తండ్రికి తాత నేర్పాడు. చెయ్యి దానంతటదే ముంతలోకి వెళ్ళింది.

“బోడిముండకు తలంటు ఎందుకయ్యా?” అన్నాడు కాటడు.

“ముద్ర తేలితే నలుగులోకి వస్తుందేమో చూస్తున్నా. దేవరవారి సొమ్ము, పాడు చేస్తామా?”

బొటనవేలితో రుద్దాడు. ఉప్పురవ్వతో రుద్దాడు. పచ్చని పొర నురగలా లేచి, నీళ్ళలో కలిసి, ముంత అడుగుకు దిగింది. ఒక్కో పొర పోతుంటే కింద రాగి పెళ్ళికూతురి చెక్కిలిలా ఎరుపెక్కింది. ఇంకా రుద్దాడు. ఆ ఎరుపులో, అరిగిన నెమలి కంటి పక్కన, వడ్లగింజంత గాటు!

“బోడి!” అని అరిచి, మూతి తుడుచుకుంటున్నట్టు చెయ్యి ఎత్తి, కాసును నాలుక కిందికి తోశాడు. ఇంకో చేత్తో వట్టి బోడి కాసును బుట్టలో పడేశాడు. కాటడి కళ్ళు కప్పాడు. గృధ్రపాదుడి చెవులను కప్పలేకపోయాడు.

“తర్వాత?”

“నలుదు.”

“ఏమన్నావు?”

“నలు... దు దేవరా.”

గృధ్రపాదుడు గద్దె దిగాడు. రాతి మీద గోళ్ళు కరకరలాడాయి. “ఇంతసేపూ పలికిన ‘గు’ ఎక్కడికి పోయింది షరాబూ? నోరు తెరు.”

పోలిశెట్టి నోరు తెరవలేదు. ముంత ఎత్తి చింతపండు నీళ్ళన్నీ వాడి మొహాన కొట్టాడు!

మాంత్రికుడు కళ్ళు పట్టుకొని పెడబొబ్బ పెట్టాడు. కాటడు పట్టుకారు విసిరాడు. అది పోలిశెట్టి చెవిని ఒరుసుకుంటూ పోయి తోరణాన్ని తెంపింది. పోలిశెట్టి రాశి మీదుగా దూకాడు. కాసులు కాలి కింద జారాయి, బోర్లా పడ్డాడు, లేచాడు, పరుగెత్తాడు. బంట్లు ఈటెలతో మెట్ల దారి మూశారు. అతను మెట్లు వదిలేసి, గోడకు వేలాడుతున్న రాగి తోరణం పట్టుకొని పైకి పాకాడు. అరచేతులు కోసుకుపోయాయి. గోడ మీద ఒక రాబందు భుజం మీద ముక్కుతో పొడిచింది. దాని మెడ దొరకబుచ్చుకొని, దాంతో సహా నలభై మూరల కిందికి దూకేశాడు!

ఆకాశం తలకిందులైంది. రాబందు విడిపించుకొని పైకెగిరింది. పింగళానది అతన్ని బండరాయిలా కొట్టి మింగేసింది.

నీళ్ళలో నోరు తెరిచాడు. కాసు జారి, ఎర్రగా మెరుస్తూ, సుడిలోకి దిగిపోయింది. తల పైకెత్తి అరిచాడు:

“సింగమ్మా! సింగమ్మా! సింగమ్మా!”

సుడి ఆగింది. నీళ్ళు చీల్చుకొని ఒక ఆడమనిషి పైకి లేచింది. జుట్టు సగం నెరిసింది. బుగ్గలు జారాయి. ఎన్ని చేతులు అరగదీశాయో! అయినా ఎడమ కణత మీద గాటు అలాగే ఉంది. పోలిశెట్టి ఒక్క బారలో ఆమెను అందుకున్నాడు. పొంచి ఉన్న బయ్యమ్మ పుట్టిని గిరగిర తిప్పుకుంటూ వచ్చి, ఇద్దర్నీ జుట్టు పట్టి లోపలికి లాగి, కొండ అడుగున ఒక గుహలాంటి నెర్రెలోకి దూర్చింది. పైన రాబందులు గుంపుగా తిరిగి, కానక, అరుచుకుంటూ మళ్ళాయి.

ఆమె నీళ్ళు కక్కింది. కొంగు పిండుకుంది. ఎదురుగా కూర్చున్న మనిషిని ఎగాదిగా చూసింది.

“ఎవరన్నా నువ్వు? గోచీతో ఈ సాహసమేంది?”

పోలిశెట్టి నవ్వాడు. ఆమె ఎప్పుడూ ఇలాగే వేళాకోళమాడుతుంది. “నేనే సింగమ్మా. మీసం తీసేశాను, అందుకే...”

“సింగమ్మ ఎవరు?”

“నువ్వే! నేను నీ మొగుణ్ణి, పోలిశెట్టిని!”

ఆమె గబుక్కున వెనక్కు జరిగి తెడ్డు అందుకుంది. “ఇదుగో, ప్రాణం కాపాడావు, దణ్ణం పెడతాను. పెళ్ళాం అన్నావో, ఈ తెడ్డుతో మూతి పళ్ళు రాలగొడతాను. ఒడ్డు చేరకముందే వావి కలిపేస్తున్నాడు చూడు ముసలమ్మా!”

ఆ కళ్ళలో వేళాకోళం లేదు. భయం ఉంది. పరాయి మగవాణ్ణి చూసిన ఆడదాని భయం.

బయ్యమ్మ పోలిశెట్టి రెక్క పట్టుకొని పుట్టి దింపి, నెర్రె మూలకు లాక్కుపోయింది. గొంతు తగ్గించి అడిగింది.

“కాసు ఎట్లా దొరికింది?”

“చిలుము పట్టి.”

“తోమినావా?”

అతను చేతులు చూసుకున్నాడు. వేళ్ళ సందుల్లో ఇంకా పచ్చగా ఉంది.

“దొరికింది దొరికినట్టు తెమ్మంటిని కదరా!” ముసలిది నెత్తి కొట్టుకుంది. “చిలుమంటే మురికనుకున్నావా? లోపలి రాగి ప్రాణం. పైన పట్టింది జ్ఞాపకం. నువ్వు, నీ ఇల్లు, మీ కాపురం అన్నీ అందులోనే ఊరినయ్. మనిషిని తెచ్చినావు, ఆలిని కడిగేసినావు.”

“మళ్ళీ... మళ్ళీ పట్టదా?”

“రాగికి చిలుము ఎన్నేళ్ళకు పడుతుందో షరాబువు, నువ్వే చెప్పు.”

లోకంలో ఎవడి కాసుకైనా వెల కట్టినవాడికి, తన చేతిలోది ఏమిటో తెలియలేదు. చేతులు నీళ్ళలో ముంచి రుద్దబోయి, చటుక్కున ఆపేశాడు. ఆ పచ్చదనం కూడా పోతుందేమోనని.

“ఆ తోమిన నీళ్ళేం చేసినావు?” అంది బయ్యమ్మ.

“వాడి మొహాన కొట్టాను.”

ముసలిది తలెత్తి కోట కేసి చూసింది. అదే సమయానికి పైన గోడమీంచి, లోయంతా ప్రతిధ్వనిస్తూ, గృధ్రపాదుడి గొంతు వినబడింది. గొంతు వాడిదే. మాట వాడిది కాదు.

“ఓ తక్కెడయ్యా! ఎక్కడ దాక్కున్నావు? మాటను కూడా తూచి తూచి మాట్లాడే నా తక్కెడయ్యా! చారులో ఉప్పు తక్కువైతే చెప్పవేం? ముంగిలా తినేసి పోవడమేనా?”

తక్కెడయ్య! పెళ్ళయిన కొత్తలో సింగమ్మ పోలిశెట్టికి పెట్టిన పేరది. ఇంటి నాలుగు గోడలు దాటి చీమకు కూడా తెలియదు. ఇప్పుడది ఆ రాబందుకాళ్ళ వాడి నోట్లో ఉంది. వాడికి అంతా తెలుసు. ఆమె నవ్వులు, అలకలు, చీకట్లో చెప్పుకున్న మాటలు, అన్నీ వాడి కళ్ళల్లో ఇంకిపోయాయి.

పుట్టిలో కూర్చున్న ఆమె ఆ కేక విని ముక్కు విరిచింది. “ఎవడో పిచ్చోడు. ఉప్పు గోలేంది వాడికి?”

పోలిశెట్టి వచ్చి పుట్టికి ఆ చివర, దూరంగా కూర్చున్నాడు. ఆమె తెడ్డు గట్టిగా పట్టుకునే ఉంది. ఆ భయం ఆమె మొహంలో ఇంకొక్క క్షణం చూడలేకపోయాడు. చేతులు జోడించాడు.

“పొరపాటైంది తల్లీ. నా భార్య అనుకున్నాను. అదే పోలిక. ఆవిడ ఇంకా లోపలే ఉండిపోయింది.”

‘తల్లీ’ అన్న మాట వినగానే ఆమె భుజాలు వదులయ్యాయి. తెడ్డు దించింది. గోచీ మనిషిని, నెత్తురోడుతున్న అరచేతుల్ని అప్పుడు సరిగ్గా చూసింది. తన కొంగు చించి, రెండు చేతులకూ కట్టు కట్టింది. కట్టేటప్పుడు ఒక్కసారి కూడా వేళ్ళు తడబడలేదు.

“నీళ్ళల్లో సింగమ్మా అని పిలిచావే. వదిన పేరదేనా?”

“అదే తల్లీ.”

“మంచి పేరు. నోరున్న మనిషి పేరులాగుంది.”

“ఉండేది.”

కొండమీద పొగ లేచింది. నల్లగా, లావుగా, కొలిమి రాజుకున్న పొగ. మూడో బుట్ట ఇంకా అక్కడే ఉంది. దగ్గే ముసలాడు, వెక్కిళ్ళు పెట్టే ఎవరో అందులోనే ఉన్నారు. ఆ పొగ ఏమిటో బయ్యమ్మ చెప్పగానే ఆమె అటు చూసి లేచి నిలబడింది. పుట్టి ఊగిపోయింది.

“కరిగిస్తున్నారా? మనుషుల్నా? మరి ఇక్కడ కూర్చొని కట్లు కట్టించుకుంటావేందన్నా, వదిన అక్కడుంటే! నా ప్రాణం తెచ్చిచ్చావు. నీ ఇల్లాలిని నీకు తెచ్చివ్వకుండా నేను ఒడ్డెక్కను. ముసలమ్మా, ఈ కొండకు దొడ్డిదారి లేదా?”

“ఉంది,” అంది బయ్యమ్మ, పోలిశెట్టి మొహం చూడకుండా. “కొలిమి బూడిద జారవిడిచే తూము. పోయినవాళ్ళున్నారు, వచ్చినవాళ్ళు లేరు.”

“మేమొస్తాం. తిప్పు.”

పోలిశెట్టి నోరు మెదిపాడు. చెప్పడానికి ఒక్కటే మాట ఉంది. ఆ మాటకు ఆమె మళ్ళీ వెనక్కు జరుగుతుంది. తెడ్డు తీసుకొని, కట్టు కట్టిన చేతులతో నీళ్ళలో ముంచాడు. పుట్టి గిర్రున తిరిగి, నెర్రెలోంచి ఎండలోకి, సుడుల మీదికి వచ్చింది. గోడ మీద రాబందుల తలలు ఒక్కసారిగా ఇటు తిరిగాయి.

“నోరు మూసుకో, వాటి కంట పడితిమి!” అంది బయ్యమ్మ.

అది నోరు మూసుకునే మనిషా? ఆమె పుట్టి అంచు మీద కాలు పెట్టి, రెండు చేతులూ నోటికి దోసిలి పట్టి, కొండ దద్దరిల్లేటట్టు కేక వేసింది:

“వదినా! సింగమ్మ వదినా! భయపడకు! మా అన్న వస్తున్నాడు!”

రాబందులన్నీ గోడ వదిలి ఒక్కుమ్మడిగా పైకి లేచాయి. పోలిశెట్టి తల ఎత్తలేదు. తూము వైపు తెడ్డు వేశాడు.